చందన అని పేరు పెట్టుకున్న చిత్రకారిణి

ఇండియా నుంచి చుట్టాలు వస్తే మనం వారిని ఎక్కడెక్కడికి తీసుకువెళతాం? సెంతోసా, జంతు ప్రదర్శనశాల, సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ళ కోవెల, చిట్టచివరికి ముస్తఫా. సూట్‌కేసు నిండిందంటే సింగపూరు చూడటం పూర్తయినట్టే! పదిహేడేళ్ళుగా టాంపినీస్‌లో కాపురముంటున్న నేనూ ఇందుకు మినహాయింపు కాదు. మా టాంపినీస్ స్టేషన్లో ఆకుపచ్చ లైను రైలెక్కితే, మధ్యలో మారే పని లేకుండా, పదకొండో స్టేషను సిటీ హాల్. అక్కడ దిగి నాలుగడుగులు వేస్తే నేషనల్ గ్యాలరీ. పౌరులకూ, పీఆర్‌లకూ శాశ్వత ప్రదర్శనలకు టిక్కెట్టు కూడా ఉండదు. అయినా 2015 నవంబరులో తెరిచిన ఆ గ్యాలరీలోకి నేను మొదటిసారి అడుగుపెట్టింది మొన్న మొన్ననే. అదీ మా అమ్మాయి బలవంతం మీద. సింగపూరు తొలితరం చిత్రకారుల గురించి బళ్ళో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. వెంట మా అమ్మను కూడా తీసుకువెళ్ళాం.

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. చిత్రకళ గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటని పాఠకులు అడిగితే చెప్పుకోదగిన జవాబు లేదు. పుట్టి పెరిగింది రాజమండ్రి కాబట్టి చిన్నప్పుడు దామెర్ల రామారావుగారి చిత్రశాలకు మాస్టారు వరసలో నిలబెట్టి తీసుకువెళ్ళారు. ఆ ఒక్కటే నా చదువు. కానీ ఆ రోజు గ్యాలరీలో చూసిన ఒక చిన్న పటం నన్ను చాలా రోజులు వదిలిపెట్టలేదు. దాని చరిత్ర వెతుక్కుంటూ పోతే మన ఇళ్ళలోకే వచ్చి ఆగింది. అందుకే ఈ సంక్రాంతి సంచికలో మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఆ భవనం గురించి రెండు మాటలు. నేషనల్ గ్యాలరీ అంటే రెండు పాత కట్టడాలు కలిపి చేసినది. ఒకటి 1929లో పూర్తయిన సిటీ హాల్, రెండవది 1939లో పూర్తయిన సుప్రీం కోర్టు. ఎదురుగా ఉన్న పడాంగ్ మైదానంలోనే 1943 జూలై 5న నేతాజీ సుభాస్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజు వందనం స్వీకరించారు. 1945 సెప్టెంబరు 12న జపాను సేనలు మౌంట్‌బాటన్‌కు లొంగిపోయిన పత్రం మీద సంతకాలు జరిగింది ఈ సిటీ హాల్‌లోనే. ఆ సంతకాలకు ఏడాది తర్వాత, 1946 ప్రాంతంలో, ఇక్కడికి ఎంతో దూరాన ఒక చైనా మహిళ అద్దం ముందు కూర్చుని తన ముఖం తానే గీసుకున్నారు. ఆ పటం ఇప్పుడు ఈ భవనంలో ఉంది. ఆమె పేరు జార్జెట్ చెన్.

పేరు వినగానే మా అమ్మ, "అదేమిట్రా, చీర పేరు పెట్టుకుంది?" అంది. నాకూ నవ్వొచ్చింది. మన ఆడవాళ్ళకు జార్జెట్ అంటే చీరే కదా! నిజానికి ఆ గుడ్డకు ఆ పేరు వచ్చింది కూడా జార్జెట్ అనే ఫ్రెంచి దుస్తుల తయారీదారు వల్లనే.

పటం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తు, 17 సెంటీమీటర్ల వెడల్పు. అంటే బడిపిల్లల నోటు పుస్తకం అంత. కాన్వాసు మీద నూనె రంగులు. పటం నిండా ముఖమే. చిరునవ్వు లేదు, కన్నీరూ లేదు. పెద్ద పెద్ద చిత్రాలున్న గోడల మధ్య ఆ చిన్న ముఖం దగ్గర మనుషులు ఆగిపోతున్నారు. అమ్మ కూడా ఆగింది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఏడుపంతా అయిపోయాక మొహం కడుక్కొచ్చి కూర్చున్నట్టుంది" అంది. ఆ చిత్రం గురించి తర్వాత నేను చాలా చదివాను గానీ అంతకంటే సరైన మాట నాకు ఎక్కడా కనబడలేదు.

ఈ పద్ధతి చిత్రాలను పోస్ట్ ఇంప్రెషనిస్టు చిత్రాలంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. మనందరికీ తెలిసిన రవివర్మ నుంచి మొదలుపెడదాం. మన తాతల ఇళ్ళలో లక్ష్మి, సరస్వతి పటాలు రవివర్మవే. 1894లో ఆయన పెట్టిన అచ్చుకూటం వల్ల ఆ పటాలు ఊరూరా చేరాయి. రవివర్మ బొమ్మలో చీర జరీ జరీలాగే మెరుస్తుంది, చెంప చెంపలాగే నునుపుగా ఉంటుంది. వెలుగు నుంచి నీడలోకి రంగు మెల్లగా దిగిపోతుంది. కుంచె జాడ కనబడకపోవడమే అక్కడ గొప్ప.

ఆ కాలంలోనే ఫ్రాన్సులో మోనే వంటి వారు మరో దారి పట్టారు. వస్తువు కాదు, ఆ క్షణంలో దాని మీద పడిన వెలుగు ముఖ్యమన్నారు. వారు ఇంప్రెషనిస్టులు. వారి వెనుక వచ్చిన సెజాన్, వాన్ గో, గోగాన్‌లకు అదీ చాలలేదు. వెలుగు వెంట పడితే వస్తువు గట్టిదనం పోతోందని సెజాన్ బాధ, మనసులోని బాధ రంగులోకి రావడం లేదని వాన్ గో బాధ. సెజాన్ నీడలు వేయడం మానేసి రంగు పక్కన రంగు పేర్చి ముఖాన్ని కట్టాడు, తాపీవాడు ఇటుక మీద ఇటుక పెట్టినట్టు. పసుపు, ఎరుపు వంటి వేడి రంగులు కంటికి ముందుకొస్తాయి. నీలం, ఆకుపచ్చ వంటి చల్లని రంగులు వెనక్కి పోతాయి. చెంప ఎత్తు, కంటి కింద పల్లం అన్నీ ఆ లెక్కతోనే తేల్చాడు. వీరికి పోస్ట్ ఇంప్రెషనిస్టులనే పేరు 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై అనే విమర్శకుడు పెట్టాడు. విచిత్రమేమంటే ఆ పేరు వచ్చేనాటికి ముగ్గురూ లేరు. వాన్ గో 1890లో, గోగాన్ 1903లో, సెజాన్ 1906లో పోయారు.

1906 అక్టోబరు నెల చిత్రకళా చరిత్రలో గుర్తుంచుకోదగినది. ఆ నెల 2వ తేదీన మన రవివర్మ కన్నుమూశారు. 22న సెజాన్ పోయాడు. అదే నెలలో జాంగ్ లీ యింగ్ అనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే తర్వాత జార్జెట్ చెన్ అయింది.

ఆమె తండ్రి పారిస్, లండన్, న్యూయార్క్‌లలో పురాతన కళావస్తువుల వ్యాపారం చేసిన సంపన్నుడు, చైనా విప్లవ నాయకుడు సన్ యట్ సెన్‌కు అండగా నిలిచినవాడు. పన్నెండుమంది సంతానంలో ఈమె ఒకరు. 1926లో న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో చేరి, మరుసటి ఏడే పారిస్ వెళ్ళి అక్కడి చిత్రకళాశాలల్లో సాధన చేశారు. 1930లో ఆమె చిత్రం సలోన్ దోతోన్ అనే ప్రదర్శనకు ఎంపికైంది. 1907లో సెజాన్ స్మారక ప్రదర్శన జరిగి యువ చిత్రకారులందరినీ కదిలించింది కూడా ఆ సలోన్‌లోనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో మన అమ్మాయి కూడా ఒకరు చిత్రకళ నేర్చుకుంటున్నారు. అమృతా షేర్‌గిల్. తండ్రి పంజాబీ సిక్కు, తల్లి హంగేరీ దేశస్థురాలు. 1929 నుంచి 1934 దాకా పారిస్‌లో ఉండి సెజాన్, గోగాన్‌ల దారి ఒంటబట్టించుకుని ఇండియాకు తిరిగి వచ్చారు. 1936–37 శీతాకాలంలో అజంతా చూసి, హైదరాబాదు మీదుగా దక్షిణాదిన తిరిగి, 1937లో దక్షిణ భారత జీవితం మీద మూడు పెద్ద చిత్రాలు గీశారు. 1941 డిసెంబరులో లాహోరులో 28వ ఏట మరణించారు. నేర్చుకున్నది ఒక చోట, గీసింది తమ తూర్పు దేశపు మనుషులను. ఈ విషయంలో ఇద్దరిదీ ఒకటే బాట. పరాయి దేశంలో చదువు నేర్చి మన మనుషుల మధ్య బతుకుతున్న మనకు ఇది కొత్త కాదు కదా!

జార్జెట్ 1930లో యూజీన్ చెన్‌ను వివాహమాడారు. ఆయన ట్రినిడాడ్ ద్వీపంలో పుట్టిన చైనీయుడు, న్యాయవాది, సన్ యట్ సెన్ సహచరుడు, చైనా విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడు. వయసులో ఆమెకంటే 28 ఏళ్ళు పెద్ద. భార్య కళను మనస్ఫూర్తిగా గౌరవించాడు. పుస్తకం చదువుకుంటూ గంటల తరబడి ఆమెకు ఎదురుగా కదలకుండా కూర్చునేవాడట. మనలో ఎంతమంది భర్తలు అలా కూర్చుంటారో ఎవరికి వారే చెప్పుకోవాలి!

1941 డిసెంబరులో హాంకాంగ్ జపాను వశమైంది. దంపతులను నిర్బంధంలో ఉంచి, తర్వాత షాంఘై తరలించారు. జపాను చెప్పుచేతల్లో ఉన్న ప్రభుత్వంలో చేరమని యూజీన్ మీద ఒత్తిడి తెచ్చినా ఆయన లొంగలేదు. ఇక్కడ పడాంగ్‌లో నేతాజీ జపాను సాయంతో సైన్యాన్ని నడుపుతున్న రోజుల్లోనే, అక్కడ షాంఘైలో ఈ దంపతులు జపాను కాపలాలో ఉన్నారు. చరిత్ర అందరికీ ఒక్కలా ఉండదు. 1944లో యూజీన్ షాంఘైలోనే మరణించాడు. అప్పటికి ఆమె వయసు 37.

మనం చూస్తున్న పటం ఆ తర్వాత రెండేళ్ళకు గీసినది.

ఇది చదివి చెప్పగానే మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాన్నగారు పోయి అప్పటికి సరిగ్గా రెండేళ్ళు. కాసేపయ్యాక, "ఎవరూ గీసిపెట్టలేదా? తనే గీసుకుందా?" అని మాత్రం అడిగింది.

చిన్న ప్రశ్నే. కానీ ఈ చిత్రానికి అదే ప్రాణం. చిత్రకళా చరిత్రలో స్త్రీల చిత్రాలకు కొదవ లేదు. చాలావరకు గీసినవారు మగవారు. సెజాన్ తన భార్య హోర్తెన్స్‌ను 29 సార్లు నూనె రంగుల్లో గీశాడు. వాటిలో ఆమె దాదాపు ఎక్కడా నవ్వదు. ఆవిడ మనసులో ఏముందో ఆ 29 పటాల్లో ఒక్కటీ మనకు చెప్పదు. జార్జెట్ పటంలో చూసేదీ ఆమే, చూడబడేదీ ఆమే. భర్త పోయిన స్త్రీని లోకం ఎలా చూస్తుందన్నది కాదు, తనను తాను ఎలా చూసుకున్నదన్నది ఆ పటం. అందుకే ఆ చూపులో జాలి అడిగే ధోరణి లేదు.

ఆ తర్వాతి కథ మన సింగపూరుది. 1947లో ఆమె హో యుంగ్ చీ అనే ఆయనను పునర్వివాహం చేసుకున్నారు. 1951లో పెనాంగ్ వచ్చారు. ఆ వివాహం నిలవలేదు. 1953లో విడిపోయి, ఒంటరిగా సింగపూరు చేరారు. 1954 నుంచి 1980 దాకా నాన్యాంగ్ అకాడమీలో చిత్రకళ బోధించారు. 1938లో లిమ్ హాక్ తాయ్ స్థాపించిన సంస్థ అది. లియూ కాంగ్, చెన్ వెన్ సీ, చియాంగ్ సూ పియెంగ్, చెన్ చోంగ్ స్వీలతో పాటు నాన్యాంగ్ శైలికి మూలపురుషులుగా చెప్పే వారిలో ఏకైక స్త్రీ ఈమె. పారిస్‌లో ఆపిల్ పళ్ళు గీసే చేత్తో ఇక్కడ రంబుతాన్లు గీశారు. "స్వీట్ రంబుతాన్స్" 1965 నాటిది. అంటే సింగపూరు స్వతంత్రమైన ఏడాది. చంద్రోత్సవం నాటి బల్ల మీద పేర్చిన మూన్‌కేకుల పటం చూస్తే మన బొమ్మల కొలువు గుర్తుకొస్తుంది.

ఆమె మలయ్ భాష నేర్చుకుని ఒక మలయ్ పేరు కూడా పెట్టుకున్నారు. ఆ పేరు "చెందనా". మలయ్‌లో దానికి అర్థం గంధపు చెట్టు. సంస్కృతం నుంచి వెళ్ళిన మన చందనమే! మన టాంపినీస్ పేరు కూడా తెంపినిస్ అనే చెట్టు వల్ల వచ్చినదేనని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక చెట్టు పేరు గల ఊళ్ళో ఉంటూ, ఒక చెట్టు పేరు పెట్టుకున్న మనిషిని ఇన్నేళ్ళు తెలుసుకోలేకపోయాను. ఆమె నివాసం కూడా మనకు దూరమేమీ కాదు, సిగ్లాప్‌లో.

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలచివేసింది ఆమె చివరి దశ. ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది. మన శరీర రక్షణ వ్యవస్థే పొరబాటున కీళ్ళ లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. ముందుగా పట్టేది వేళ్ళ కీళ్ళనే. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు బిగిసిపోతాయి. మందులు సరిగా పడకపోతే వంకర తిరుగుతాయి. చిత్రకారులకు ఇంతకంటే క్రూరమైన జబ్బు ఉండదు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కూ ఇదే జబ్బు. ఎవరో ఒకరు కుంచెను చేతిలో ఇరికించి ఇస్తే 1919లో పోయేదాకా గీస్తూనే ఉన్నాడు. జార్జెట్‌కు 1982లో సింగపూరు ప్రభుత్వం కల్చరల్ మెడాలియన్ ఇచ్చి గౌరవించింది. 1985లో ఆమె జీవితకాలపు చిత్రాల ప్రదర్శన జరిగింది. చాలాకాలం జబ్బుతో పోరాడి 1993 మార్చి 15న కన్నుమూశారు. 1994లో ఆమె ఆస్తి తరఫున 53 చిత్రాలు సింగపూరు ఆర్ట్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు ఆమె పేరిట చిత్రకళా విద్యార్థులకు స్కాలర్‌షిప్పు ఉంది. 2020 నవంబరు నుంచి 2021 సెప్టెంబరు దాకా నేషనల్ గ్యాలరీ ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన నడిపింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మకు కూడా ఇదే జబ్బు. ఇప్పుడు మంచి మందులున్నాయి కాబట్టి అదుపులోనే ఉంది. రాజమండ్రిలో మా వీధిలో అమ్మ ముగ్గు అంటే ఒక పేరు. ధనుర్మాసం నెల్లాళ్ళూ రోజుకో ముగ్గు, పెట్టిన ముగ్గు మళ్ళీ పెట్టేది కాదు. నాన్నగారు పోయిన తర్వాత మానేసింది. అడిగితే "వేళ్ళు వంగటం లేదురా" అనేది. నేను కూడా డాక్టర్నే కాబట్టి వేళ్ళే కారణమనుకున్నాను. మందు మోతాదు సవరించాను.

కారణం వేళ్ళు కాదని ఒక సంక్రాంతి పేరంటంలో తెలిసింది. ఎవరింట్లో అన్నది అప్రస్తుతం. వాళ్ళు మంచివాళ్ళే. పసుపు, కుంకుమ, గంధం పళ్ళెం వరసగా అందరి దగ్గరకూ వచ్చింది. అమ్మ దగ్గర ఆగలేదు. పక్కావిడ దగ్గరకు వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. వెనక వరసలోకి వెళ్ళి కూర్చుని పిల్లలకు అరిసెలు పంచింది. ఆ తర్వాత ఏ పేరంటానికీ రాలేదు.

మాది వీరేశలింగం పంతులుగారి ఊరు. 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిగింది మా రాజమండ్రిలోనే. ఆ రోజుల్లో పంతులుగారు ఎన్ని నిందలు పడ్డారో చిన్నప్పుడు పాఠంగా చదివి మార్కులు తెచ్చుకున్నాం. 140 ఏళ్ళు దాటింది. సముద్రాలు దాటి వచ్చాం. కంప్యూటర్లు, ఆపరేషన్లు, విమానాలు అన్నీ మన చేతుల మీద నడుస్తున్నాయి. గంధం పళ్ళెం మాత్రం ఇంకా దారి మార్చుకుని వెళుతోంది. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. పెద్దవాళ్ళ మధ్య రభస ఎందుకులే అనుకున్నాను. ఈ వ్యాసంలో తప్పు ఎవరిదైనా ఉంటే ముందు నాది.

గ్యాలరీ నుంచి తిరిగి వస్తూ రైల్లో మా అమ్మాయి, "నాన్నమ్మా, ఆవిడ పేరు చెందనా అంటే చందనమట" అని చెప్పింది. అమ్మ నవ్వి, "గంధం పేరు పెట్టుకుందన్నమాట. ఇక ఎవరు పూస్తారని ఎదురుచూడక్కర్లేదు" అంది. సరదాగానే అంది. నాకు మాత్రం బెడోక్ నుంచి టాంపినీస్ దాకా మాట పెగల్లేదు.

సంఘం పెద్దలకు, సోదరీమణులకు నా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతి వేడుకలో జ్యోతి వెలిగించడానికి ముఖ్య అతిథులతో పాటు, భర్తను పోగొట్టుకుని పిల్లల దగ్గర ఉంటున్న మన తల్లులను కూడా వేదిక మీదకు పిలవండి. ఇది ఎవరి ఆచారానికీ భంగం కాదు. గంధం చల్లదనానికి పూస్తాం. ఆ చల్లదనం ఎవరికి అక్కర్లేదు?

ముగ్గుల పోటీకి ఈసారి అమ్మ పేరు ఇచ్చాను. తను ఇంకా ఒప్పుకోలేదు. కానీ మొన్న రాత్రి మా అమ్మాయి డ్రాయింగు పుస్తకంలో పెన్సిలుతో పదిహేను చుక్కల వరస ఒకటి కనబడింది. చుక్కలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఇంకా కలపలేదు.

సభ్య కుటుంబాలందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.